షాతో గయార్ కోట నిజంగా మరుగుదొడ్డి వల్లే పడిపోయిందా?

మీరు అడిగినవి మూడు. ఫ్రాన్స్‌లోని షాతో గయార్ కోటను రెండేళ్ళలో ఎలా కట్టగలిగారు? అజేయమని పేరుపడ్డ ఆ కోట ఆరేళ్ళు తిరగకుండానే శత్రువు చేతికి ఎలా చిక్కింది? సైనికులు మరుగుదొడ్డి గొట్టంలోంచి పాక్కుంటూ లోపలికి వెళ్ళారన్న కథ నిజమేనా? మూడోది చిన్న ప్రశ్న కాబట్టి ముందు దాన్ని తేల్చేస్తాను. నా లెక్కలో వాళ్ళు దూరింది కిటికీలోంచి, గొట్టంలోంచి కాదు. అయితే ఏ కంతలోంచి దూరారన్నది పెద్ద విషయం కాదు. ఆ కిటికీ దగ్గరికి శత్రువు చేరేసరికే కోట ఓటమి చాలావరకు ఖాయమైపోయింది. అది తెలియాలంటే కొండ మీది గోడల్ని కాసేపు పక్కనపెట్టి, కింద పారే నది దగ్గర మొదలుపెట్టాలి.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ముప్ఫై ఏళ్ళు నిర్మాణ ఇంజనీరుగా పనిచేశాను. పాత రాతిగోడలు ఎందుకు నిలబడతాయి, ఎందుకు కూలతాయి అన్నది నాకు వృత్తిని మించిన వ్యసనం. ఈ కోటకు రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి అందరిలాగే పెద్ద బురుజు చూసి వచ్చేశాను. రెండోసారి కందకాల్లోకి దిగి చూశాను. అసలు కథ అక్కడే ఉంది.

పారిస్‌కు వాయవ్యంగా సుమారు 95 కిలోమీటర్ల దూరంలో సెన్ నది ఒక పెద్ద వంపు తిరుగుతుంది. ఆ వంపు దగ్గర కుడిగట్టున ఆందెలీ అనే ఊరు, దాని నెత్తిన తెల్లని సుద్దరాతి కొండకొమ్ము. నదికి అది సుమారు 90 మీటర్ల ఎత్తున ఉంటుంది. దిగువన 40 కిలోమీటర్ల దూరంలో నార్మండీ రాజధాని రువాన్. అంటే పారిస్ నుంచి నదివెంట రువాన్ మీదికి వచ్చే సైన్యం ఈ వంపు దాటి రావాల్సిందే. 12వ శతాబ్దంలో నార్మండీ ఇంగ్లండ్ రాజుల సొత్తు. పారిస్ ఫ్రాన్స్ రాజుది. రెండింటి నడుమ సరిహద్దు ప్రాంతం వెక్సాన్. దాన్ని కాపాడే ముఖ్యమైన కోట జీజోర్.

క్రూసేడ్ నుంచి తిరిగివస్తున్న ఇంగ్లండ్ రాజు మొదటి రిచర్డ్ 1192 డిసెంబరులో ఆస్ట్రియా ప్రభువుకు చిక్కి 1194 ఫిబ్రవరి దాకా బందీగా ఉండిపోయాడు. విడుదలకు అడిగిన మొత్తం 1,50,000 మార్కుల వెండి. ఇల్లుగలవాడు ఊళ్ళో లేని సమయం చూసి ఫ్రాన్స్ రాజు రెండో ఫిలిప్ 1193లో జీజోర్‌ను పట్టేశాడు. రిచర్డ్ తిరిగివచ్చి పోరాడి కొంత వెనక్కి తెచ్చుకున్నాడు గానీ జీజోర్ మాత్రం రాలేదు. 1196 జనవరిలో కుదిరిన సంధిలో దాన్ని వదులుకోవాల్సి వచ్చింది. సరిహద్దుకు తలుపు ఊడిపోయినట్టే. కొత్త తలుపు ఎక్కడ పెట్టాలో రిచర్డ్ వెంటనే చూసుకున్నాడు, అదే ఆందెలీ. చిక్కు ఎక్కడంటే, ఆందెలీలో ఇద్దరు రాజుల్లో ఎవరూ కోట కట్టకూడదని అదే సంధిలో రాసి ఉంది. పైగా ఆ భూమి రాజుది కాదు, రువాన్ ఆర్చిబిషప్ వాల్టర్‌ది. నదిమీద వసూలయ్యే సుంకం వల్ల చర్చికి అది బంగారు గుడ్లు పెట్టే బాతు.

రిచర్డ్ అడిగాడు, ఆర్చిబిషప్ ఇవ్వనన్నాడు. రిచర్డ్ ఆ స్థలం ఆక్రమించి పని మొదలుపెట్టాడు. ఆర్చిబిషప్ నార్మండీ మొత్తంమీద మతకర్మల నిషేధం విధించి రోమ్‌కు బయలుదేరాడు. చర్చిల్లో పూజలు లేవు, చనిపోయినవాళ్ళకు అంత్యక్రియలు లేవు. ఇటు రాజు మాత్రం పని ఒక్కరోజు కూడా ఆపలేదు. చివరికి 1197లో పోప్ నిషేధం ఎత్తేశాడు. ఆందెలీకి బదులుగా దియెప్ ఓడరేవుతో పాటు మరికొన్ని ఆస్తులు ఆర్చిబిషప్‌కు దక్కాయి. బేరం ఆయనకు నష్టమేమీ కాలేదని నా అభిప్రాయం.

ఇక రెండేళ్ళ సంగతి. 1196లో మొదలై 1198కల్లా కోట దాదాపు పూర్తయింది. ఆ రోజుల్లో పెద్ద రాతికోటకు పదేళ్ళు పట్టడం మామూలు. ఇక్కడ మాయమంత్రమేమీ జరగలేదు, డబ్బు పోశారు. సుమారు 12,000 పౌండ్లు ఖర్చయిందని అంచనా. రిచర్డ్ తన పాలనాకాలం మొత్తంలో ఇంగ్లండ్‌లోని కోటలన్నిటిమీదా పెట్టింది దాదాపు 7,000 పౌండ్లేనంటే తేడా మీకే అర్థమవుతుంది. నార్మండీ ఖజానా లెక్కల్లో కూలీల పద్దులు మిగిలాయి. రాయి తవ్వేవాళ్ళు, చెక్కేవాళ్ళు, సున్నం కాల్చేవాళ్ళు, వడ్రంగులు, కమ్మరులు, తట్టలు మోసేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, పనివాళ్ళకు కాపలా ఉండే సైనికులు, అందరూ ఉన్నారు. ఒక్క ప్రధాన స్థపతి పేరు మాత్రం కనబడదు. రిచర్డ్ చాలాకాలం అక్కడే మకాం పెట్టి పని చేయించాడు కాబట్టి, ఆలోచన చాలావరకు ఆయనదేనని చరిత్రకారులు అనుకుంటారు. ఇంజనీరుగా నాకు కనిపించే ఇంకో కారణం రాయి. కందకం తవ్వితే వచ్చేది సుద్దరాయే, గోడ నింపడానికి పనికొచ్చేదీ అదే. తవ్వకం, రాతి సరఫరా ఒకేచోట జరిగిపోయాయి. సుద్దరాయి మెత్తన, ఉలికి ఇట్టే లొంగుతుంది. ఈ మెత్తదనాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. కొండ మీద కనిపించే శిథిలం రిచర్డ్ కట్టినదాంట్లో ఒక భాగం మాత్రమే. ఆయన కట్టింది నదికి అడ్డుకట్ట. నది మధ్య లంకలో ఒక చిన్న కోట. గట్టున కొత్తగా కట్టిన, చుట్టూ ప్రాకారం ఉన్న ఊరు, ఇప్పుడు దాన్నే చిన్న ఆందెలీ అంటారు. లంకకూ గట్టుకూ మధ్య వంతెనలు. కొండ దిగువన నదికి అడ్డంగా మూడు వరుసల్లో పాతిన దుంగలు, పైనుంచి పడవలు దిగకుండా. ఊరి వెనక నీళ్ళు నిలిపిన మడుగు. వీటన్నిటినీ పైనుంచి కనిపెట్టుకుని ఉండే కన్ను కొండమీది కోట. రిచర్డ్ దాన్ని బండమీది కోట అనేవాడు. గయార్ అన్నది తర్వాత స్థిరపడిన పేరు. దర్పం, పొగరు, దిటవు కలిసిన ఫ్రెంచి మాట అది. పొగరుబోతు కోట అనుకోవచ్చు.

ఈ ఏర్పాటంతా ఒకదానికొకటి ఆసరాగా పనిచేస్తేనే బలం. ఊరి నుంచి కోటకు మనుషులు, తిండి. కోట నుంచి ఊరికి రక్షణ. నది దిగువ నుంచి రువాన్ సైన్యం సాయం. ఏ ఒక్కటి తెగినా మిగతావి ఒంటరివే.

కోట నేల తీరు చూస్తే, కొండకొమ్ముకు మూడువైపులా నిట్రమైన దిగుడు. ఆగ్నేయం వైపు మాత్రం ఒక సన్నని మెడ వెనకనున్న మెట్టకు కలుస్తుంది. ఆ మెట్ట కోటకంటే ఎత్తు. ఇప్పుడు సందర్శకులు కార్లు ఆపేది దాదాపు అటువైపే, అక్కడ నిలబడితే కోట మొత్తం కళ్ళకింద కనబడుతుంది. శత్రువు యంత్రాలు పెట్టేదీ అక్కడేనని చూడగానే తెలిసిపోతుంది. రిచర్డ్‌కూ తెలుసు. అందుకే కోటను మూడు ఆవరణలుగా, ఒకదాని వెనక ఒకటిగా, ఆ మెడకు ఎదురుగా నిలబెట్టాడు.

మొదటిది త్రికోణంగా ఉండే ముందు ఆవరణ. ఈటె మొనలాగా మెట్టవైపు గురిపెట్టి ఉంటుంది, ఆ మొన దగ్గర అన్నిటికన్నా పెద్ద బురుజు. చుట్టూ సుద్దరాతిలో తొలిచిన పొడి కందకం, వెనక్కి వెళ్ళాలంటే వంతెన. రెండోది మధ్య ఆవరణ, కాస్త విశాలమైనది, బావి, ఇళ్ళు, ప్రార్థనాలయం అందులోనే. దాని లోపల, ఇంకో కందకం దాటాక, లోపలి ఆవరణ. ఈ లోపలి ఆవరణ గోడ చూశాక నాకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. అది తిన్నని గోడ కాదు, విడివిడి బురుజులున్న గోడా కాదు. అర్ధవలయాలు ఒకదానిపక్కన ఒకటి అంటించినట్టు గోడంతా వంపులే. గుమ్మడికాయ పైతొక్కను తలచుకోండి. వంపు తిరిగిన రాతిమీద పడిన గుండు పక్కకు జారుతుంది, దెబ్బ నేరుగా దిగదు. పైనున్న విలుకాడికి గోడ మొదట్లో కనబడని మూల అంటూ ఉండదు. బురుజులకూ గోడకూ అతుకులు ఉండవు కాబట్టి అతుకు దగ్గర పగుళ్ళూ ఉండవు. ఇలాంటి గోడ ఐరోపాలో మరెక్కడా నేను చూడలేదు. కట్టడానికి ఎంత తలనొప్పో ఊహించగలను, ప్రతి రాయినీ వంపుకు తగ్గట్టు చెక్కాలి.

ఆ గోడను ఆనుకునే పెద్ద బురుజు. లోపల గుండ్రం, బయట శత్రువు వచ్చే దిక్కుకు ఓడ ముక్కులాగా మొన. పాదం దగ్గర గోడ వాలుగా వెడల్పై ఉంటుంది. పైనుంచి వదిలిన రాయి ఆ వాలుకు తగిలి కిందనున్నవాళ్ళమీదికి ఎగురుతుంది. తల దగ్గర మరో విశేషం. గోడనుంచి పైకి పోయేకొద్దీ వెడల్పయ్యే రాతి ఊతాలు లేచి, వాటిమీద కమానులు నిలిచి, కమానుల వెనక సందుల్లోంచి తిన్నగా కిందికి రాళ్ళు వదిలే ఏర్పాటు ఉండేది. అంతకుముందు ఈ పని చెక్కతో కట్టిన వసారాలతో జరిగేది, అవి నిప్పుకు పోయేవి. రాతితో చేసిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. ఆ పైభాగం ఇప్పుడు లేదు, ఊతాల మొదళ్ళు చూసి మిగతాది ఊహించుకోవాలి.

మధ్యలో ఒక మాట. రిచర్డ్ సిరియాలోని క్రాక్ దె షెవాలియే కోట చూసివచ్చి దాన్ని ఇక్కడ దించాడని తరచూ రాస్తుంటారు. క్రాక్‌కు అంత పేరు తెచ్చిన వెలుపలి ప్రాకారం చాలావరకు 13వ శతాబ్దపు పని, అంటే గయార్ కట్టిన తర్వాతది. పవిత్రభూమి కోటల్లో ఆయన నేర్చుకున్నది ఉండకపోదు, కానీ అచ్చు దించాడనడం తేదీలకు పొసగదు.

కోట లేచాక ఇద్దరు రాజులూ ఎగతాళి మాటలు విసురుకున్నారని ఆనాటి రచయిత, వేల్స్‌కు చెందిన జెరాల్డ్ రాశాడు. గోడలు ఇనుముతో చేసినవైనా పట్టుకుంటానని ఫిలిప్ అంటే, వెన్నతో చేసినవైనా నిలుపుకుంటానని రిచర్డ్ అన్నాడట. నిజంగా అన్నారో లేదో గానీ, రిచర్డ్ పేరున ఉన్న మాటలో ఒక తెలివి ఉంది. కోట నిలబడేది గోడతో కాదు, దాని వెనకనున్న మనిషితో. 1199 మార్చి చివర్లో శాలూ అనే చిన్న కోట ముందు రిచర్డ్ భుజానికి అడ్డవిల్లు బాణం తగిలింది, గాయం కుళ్ళి ఏప్రిల్ 6న చనిపోయాడు. గయార్ వెనక ఇక మిగిలింది ఆయన తమ్ముడు జాన్.

జాన్‌కు శత్రువులను సంపాదించుకోవడంలో ఉన్న నేర్పు మిత్రులను నిలుపుకోవడంలో లేదు. 1202లో అతని ఫ్రెంచి భూములన్నీ జప్తు చేస్తున్నట్టు ఫిలిప్ ప్రకటించాడు. అదే ఏడాది జాన్ తన అన్నకొడుకు ఆర్థర్‌ను పట్టుకున్నాడు. ఆ కుర్రాడు చెరలోనే మాయమయ్యాడు, చంపించాడన్న మాట అంతటా పాకింది. నార్మండీ ప్రభువులు ఒక్కొక్కరే ఫిలిప్ వైపు జారుకున్నారు. 1203 ఆగస్టులో ఫిలిప్ సైన్యం ఆందెలీ ఎదుటికి వచ్చింది. కోటలో సేనాని రోజర్ డి లేసీ, మొండి మనిషి.

ఫిలిప్ కొండ జోలికి పోలేదు. ముందు నది. అతని మనుషులు నీళ్ళలోకి దిగి, పైనుంచి రాళ్ళూ బాణాలూ పడుతుండగానే అడ్డుదుంగలను నరికి దారి చేశారు. ఆ దారిన పడవలు దించి, పక్కపక్కన కట్టి, మీద పలకలు పరిచి వంతెన వేశారు. దాంతో రెండు గట్టుల మీదా ఫ్రెంచి సైన్యం నిలబడింది. కానీ ఆ సమయంలో వాళ్ళ బలం రెండుగా చీలి ఉంది, నడుమ ఉన్నది ఆ పడవల వంతెన ఒక్కటే.

జాన్‌కు దక్కిన ఒకే ఒక్క మంచి అవకాశం ఇది. పథకం కూడా బాగుంది. రాత్రివేళ జాన్ పక్షాన ఉన్న ప్రభువు విలియం మార్షల్ సేన నేలమీదుగా వచ్చి ఎడమగట్టు శిబిరంమీద పడుతుంది. అదే సమయానికి రువాన్ వైపు నుంచి పడవలు వచ్చి వంతెనను విరగ్గొడతాయి. అప్పుడు ఎడమగట్టున ఉన్నవాళ్ళకు సాయం అందదు, లంకకోటకు తిండి చేరుతుంది. నేలమీది సేన సమయానికే వచ్చింది, శిబిరాన్ని చెల్లాచెదురు చేసింది. పడవలు రాలేదు. ఎదురు ప్రవాహంలో తెడ్లు వేస్తూ రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్క తప్పింది. ఈలోగా ఫ్రెంచివాళ్ళు కాగడాలు వెలిగించి, వంతెనమీదుగా సాయం తెచ్చుకుని, మార్షల్ సేనను తరిమేశారు. తెల్లవారాక పడవలు వచ్చాయి, ఒంటరిగా వచ్చాయి, వాటినీ కొట్టేశారు. రెండు సగాలు కలిసి ఉంటే చరిత్ర ఎలా ఉండేదో అని ఈ యుద్ధం చదివినప్పుడల్లా అనుకుంటాను. గయార్ ఎక్కడ ఓడిందని ఎవరైనా అడిగితే నా వేలు కొండమీది గోడ వైపు పోదు, ఆ రాత్రి నది వైపు పోతుంది.

తర్వాత లంకకోట. మాంత్ ఊరివాడు గోబేర్ అనే ఈతగాడు మూతలు బిగించిన కుండల్లో నిప్పులు పెట్టుకుని, నీటికింద నుంచి ఈదుకుంటూ వెళ్ళి కంచెకు అంటించాడు. లంకకోట లొంగిపోయింది. దాని వెనకే చిన్న ఆందెలీ ఊరు ఖాళీ అయింది. ఊరిజనం పిల్లాపాపలతో కొండెక్కి కోటలో దూరారు. ఒకటిన్నర వేల మందో, ఇంకా ఎక్కువో. ఏడాదికి సరిపోయే తిండి రోజర్ నిల్వ చేసుకున్నది సైనికుల లెక్కన. ఈ నోళ్ళన్నీ అతని లెక్కలో లేవు.

ఫిలిప్‌కు కావలసిందే అది. కోటచుట్టూ రెండు వరుసల కందకాలు తవ్వించి, నడుమ చెక్క బురుజులు లేపి, చలికాలం ఆకలి తన పని చేస్తుందని కూర్చున్నాడు. రోజర్ ముసలివాళ్ళను, బలహీనులను ఐదువందల మందిదాకా బయటికి పంపాడు. ఫ్రెంచి సైనికులు జాలిపడి దారి ఇచ్చారు. కొన్నాళ్ళకు ఇంకో గుంపు, వాళ్ళూ దాటారు. ఈ సంగతి తెలిసి ఫిలిప్ మండిపడ్డాడు. లోపల నోళ్ళు తగ్గితే ముట్టడి పొడుగవుతుంది. ఇకపై ఎవరినీ వదలొద్దని ఆజ్ఞ. మూడోసారి వచ్చిన జనానికి ముందు బాణాలు, వెనక మూసిన తలుపు. కొండవాలులోని బొరియల్లో, కందకాల్లో చలికి ఎండకు పడి ఉన్నారు. గడ్డి తిన్నారు, కోటలోంచి తరిమేసిన కుక్కలను తిన్నారు. ఫిలిప్ ఆస్థాన మతగురువు, బ్రిటనీకి చెందిన విలియం ఈ ముట్టడిని దగ్గరుండి చూసి రాశాడు. అప్పుడే పుట్టిన బిడ్డను తినడం కూడా ఆయన రాతల్లో ఉంది. తన రాజును పొగడటమే పనిగా ఉన్న మనిషి కూడా ఈ సంగతి దాచలేకపోయాడు. చివరికి ఫిలిప్ మనసు మార్చుకుని అన్నం పెట్టించి వదిలేసరికి మిగిలినవాళ్ళు కొద్దిమంది. అందులోనూ ఎండిన కడుపుకు ఒక్కసారిగా తిండి పడి ప్రాణాలు వదిలినవాళ్ళు ఉన్నారు.

1203 డిసెంబరులో జాన్ ఓడెక్కి ఇంగ్లండ్ వెళ్ళిపోయాడు. మళ్ళీ సైన్యంతో వస్తాడని కోటలోవాళ్ళు ఎదురుచూశారు. రాలేదు.

1204 ఫిబ్రవరిలో ఫిలిప్ అసలు దాడి మొదలుపెట్టాడు, ఊహించినట్టే మెట్టవైపు నుంచి. నేల చదును చేసి, రాళ్ళు రువ్వే యంత్రాలు, చక్రాల బురుజులు నిలిపి, ముందు ఆవరణ కందకాన్ని మట్టితో, కట్టెలతో పూడ్చసాగారు. పూడిక పూర్తయ్యేదాకా ఆగే ఓపిక సైనికులకు లేకపోయింది. నిచ్చెనలు వేసుకుని కందకంలోకి దిగారు. అవతలిగట్టుకు అవే నిచ్చెనలు వేస్తే అందలేదు. అప్పుడు బాకులూ కత్తులూ సుద్దరాతిలో గుచ్చుకుంటూ, వాటినే మెట్లుగా చేసుకుని, ముందు ఆవరణ మొన దగ్గరి బురుజు పాదం దాకా ఎగబాకారు. అక్కడ సొరంగం తొలిచి, పైబరువుకు ఆసరాగా దుంగలు నిలిపి, ఆ దుంగలకు నిప్పుపెట్టి పక్కకు తప్పుకున్నారు. దుంగలు కాలాయి, బురుజు జారింది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మెత్తదనం ఇదే. కోటను రెండేళ్ళలో లేపిన రాయే శత్రువు బాకుకూ లొంగింది. గట్టి నల్లరాతి కొండమీద ఇదే కందకం ఉంటే ఆ రోజు కథ అక్కడే ఆగేది. రోజర్ ఉన్నవాటికి నిప్పుపెట్టి మధ్య ఆవరణలోకి తప్పుకున్నాడు.

ఇప్పుడు మీ మరుగుదొడ్డి. మధ్య ఆవరణలో గోడను ఆనుకుని జాన్ ఒక కొత్త కట్టడం చేర్చాడు, ముట్టడికి కొద్దికాలం ముందే. పైన ప్రార్థనాలయం, కింద అవసరాల గదులు. బయటివైపుకు ఒక కిటికీ వదిలారు. దానికి ఇనుప కడ్డీలు బిగించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మతగురువు విలియం రాతల ప్రకారం బోజీ అనే సైనికుడు కొందరు తోటివాళ్ళతో కొండవాలు వెంట నక్కుతూ వచ్చి, ఒకడి భుజాలమీద ఒకడు ఎక్కి, ఆ కిటికీలోంచి లోపలికి దూకి, మిగతావాళ్ళను తాడుతో లాగాడు. పక్కనే మరుగుదొడ్లు ఉండటంతో, దారి గొట్టంలోంచేనన్న మాట తర్వాత అల్లుకుపోయింది. వినేవాళ్ళకు అదే రుచి. లోపలికి వెళ్ళినవాళ్ళు గట్టిగా అరుస్తూ తలుపులు బాదడంతో, పెద్ద దండే వచ్చిందనుకుని కోటవాళ్ళు ఆ కట్టడానికి నిప్పు పెట్టారు. గాలి ఎదురు తిరిగింది. మంట తమ ఆవరణ అంతటా కమ్ముకుని, పొగలో నిలవలేక లోపలి ఆవరణకు పరుగుతీశారు. బోజీ బృందం కింది గదుల్లో దాక్కుని బతికిపోయి, పైకెత్తి ఉన్న వంతెనను దించింది. మనుషుల తప్పు, గాలి తప్పు, కిటికీ తప్పు, మూడూ ఒకే గంటలో కలిశాయి.

మిగిలింది గుమ్మడికాయ గోడ. దానికి మాత్రం నేను చెప్పినంత బలమూ ఉంది. బలహీనత ద్వారం దగ్గర. కందకం తవ్వేటప్పుడు ద్వారం ముందు కొండరాతినే కొంత తవ్వకుండా వదిలి వంతెనగా వాడుకున్నారు. ఎత్తే వంతెనైతే పైకి లాగేయవచ్చు, కొండను లాగలేం. ఫ్రెంచివాళ్ళు దాని చాటున చేరి గోడకింద సొరంగం మొదలుపెట్టారు. లోపలివాళ్ళు ఎదురు సొరంగం తవ్వి వాళ్ళను తరిమారు గానీ, రెండు సొరంగాలూ కలిసి గోడ పునాదినే డొల్ల చేశాయి. అప్పుడు కాబులుస్ అనే పెద్ద రాతియంత్రం గుండ్లు విసరడం మొదలుపెట్టింది. వంపు గోడ దెబ్బను జార్చగలదు, కానీ కింద నేలే లేకపోతే దాని పనేముంటుంది? గోడ పగిలింది. 1204 మార్చి 6న కోట ఫిలిప్ వశమైంది. అప్పటికి మిగిలినవాళ్ళు నూటయాభైకి అటూఇటూ. పెద్ద బురుజులోకి చేరి చివరి పోరాటం చేయడం కూడా జరగలేదు. ఓడ ముక్కు, రాతి ఊతాలు, అంత ఆలోచన పెట్టిన ఆ బురుజు ఒక్కరోజు కూడా పనికి రాలేదు. జూన్ 24న రువాన్ లొంగిపోయింది, నార్మండీ ఫ్రాన్స్‌ది అయింది.

డిజైన్‌లో లోపం ఉందా అంటే, ఉంది. కిటికీ, రాతి వంతెన సంగతి చెప్పాను. నాకు ఇంకా పెద్దగా కనిపించేది ఆవరణల వరస. ఒకదాని వెనక ఒకటి ఉండటంతో, ముందుది పోరాడుతున్నప్పుడు వెనకనున్నవి చూస్తూ ఉండటం తప్ప పెద్దగా సాయపడలేవు. శత్రువు ఒక్కోదాన్ని విడిగా తినేయగలిగాడు. ఒక ప్రాకారం లోపల మరో ప్రాకారం, లోపలిది ఎత్తు, రెండూ ఒకేసారి పోరాడేలా కట్టే పద్ధతి ఆ శతాబ్దంలోనే తర్వాత బాగా పెరిగింది. అయినా ఈ లోపాలన్నీ పెట్టుకుని కూడా ఆ కోట ఆరు నెలలకు పైగా నిలబడింది. కోట చేయగలిగిన పని అదే, రాజుకు వ్యవధి కొనిపెట్టడం. రిచర్డ్ బతికి ఉంటే ఆ ఆరు నెలల్లో ఎన్నిసార్లు నది దాటి వచ్చేవాడో. జాన్ ఒకసారి వచ్చి, పడవల వేళ తప్పి, వెళ్ళిపోయాడు.

తర్వాతి చరిత్ర త్వరగా చెప్పేస్తాను. 1314లో వ్యభిచార నేరం మోపి ఫ్రాన్స్ రాజు కోడళ్ళు మార్గరెట్, బ్లాన్ష్‌లను ఇక్కడే బంధించారు. మార్గరెట్ మరుసటి ఏడాది ఇందులోనే చనిపోయింది. 1334 నుంచి 1341 దాకా స్కాట్లండ్ రాజు రెండో డేవిడ్ పసివాడిగా ఇక్కడ ప్రవాసంలో గడిపాడు. ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య నడిచిన నూరేళ్ళ యుద్ధంలో కోట చాలాసార్లు చేతులు మారింది. వాటిలో 1419 ముట్టడి ఒక్కటి చెప్పకుండా ఉండలేను. రువాన్ పోయాక కూడా ఈ కోట నెలల తరబడి ఇంగ్లీషువాళ్ళను నిలువరించి డిసెంబరులో లొంగింది. కారణం గోడలు కాదు. నీళ్ళు తోడే తాళ్ళు అరిగి తెగిపోయాయి, కొత్తవి లేవు. అడుగున నీళ్ళున్నాయి, పైకి వచ్చే దారి లేదు. 1449లో ఫ్రెంచివాళ్ళు చివరిసారిగా దాన్ని తీసుకున్నారు. మతయుద్ధాల తర్వాత, అల్లరిమూకలు ఇందులో చేరతాయన్న భయంతో కూల్చేయమని స్థానిక ప్రతినిధులు ఫ్రాన్స్ రాజు నాలుగో హెన్రీని అడిగారు. 17వ శతాబ్దం మొదట్లో చుట్టుపక్కల మఠాలవాళ్ళు తమ కట్టడాలకు ఇక్కడి రాయి మోసుకుపోయారు. మీరు చూసే శిథిలంలో ఫిలిప్ వాటా కంటే ఆ బండ్ల వాటాయే ఎక్కువ.

వెళ్ళే ఉద్దేశం ఉంటే, నేరుగా పెద్ద బురుజు దగ్గరికి పోకండి. ముందు ఆగ్నేయపు మెట్టమీద పది నిమిషాలు నిలబడి ఫిలిప్ చూసినట్టు చూడండి. తర్వాత ముందు ఆవరణ కందకం అంచుకు వెళ్ళి అవతలి గోడను గమనించండి. వంపుల గోడను పొద్దు వాలేటప్పుడు చూడాలి, ఏటవాలు వెలుగులో ఒక్కో వంపు విడివిడిగా కనబడుతుంది. అక్కణ్ణుంచి నదివైపు తిరిగితే లంక, ఊరు, వంపు మూడూ ఒకే చూపులో అందుతాయి. మంచి పట్టున్న బూట్లు వేసుకోండి. వాన పడితే సుద్దనేల సబ్బులా జారుతుంది, నేను కందకం గట్టున కూలబడింది అలాగే.